లోతు సముద్రంలో మునిగిన ఓడల వాణిజ్య వెలికితీత: గోప్యత, పోటీ

నిర్వచనం, పరిధి

సముద్రగర్భంలో మునిగిన ఓడల ఆచూకీ తీసి, వాటిలోని బంగారాన్నో వెండినో ఇతర సరుకునో లాభం కోసం పైకి తెచ్చే వ్యాపారం వాణిజ్య వెలికితీత. నౌకారంగంలో దీన్ని సాల్వేజ్ అనే పిలుస్తారు. ఆపదలో చిక్కుకున్న ఓడను, దాని సరుకును కాపాడే పనికీ ఇదే పేరు ఉంది (చూ. సాల్వేజ్ చట్టం). ఈ వ్యాసం మాత్రం ఏళ్ల కిందటే మునిగిపోయిన ఓడలకు పరిమితం. ఒత్తిడి గదుల్లో రోజుల తరబడి ఉంటూ పనిచేసే సాచురేషన్ డైవర్లకు ఆచరణలో దాదాపు 300 మీటర్లే హద్దు. అంతకు దిగువన పనంతా పైనుంచి నడిపే యంత్రాలదే.

ఈ రంగంలో రహస్యం ప్రధానంగా ఒక్కటే: ఓడ పడి ఉన్న చోటు. సంస్థల మధ్య, సంస్థలకూ రాజ్యాలకూ మధ్య, చివరికి ఒకే సంస్థలోని భాగస్థుల మధ్య వచ్చిన తగాదాలు చాలావరకు ఆ చోటు ఎవరికి తెలుసు, ఎవరికి తెలియాలి అన్న ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

గోప్యతకు కారణాలు

కొత్త యంత్రం కనిపెట్టినవారు పేటెంటు తీసుకోవచ్చు. ఓడ ఉన్న చోటు కనిపెట్టినవారికి అలాంటి రక్షణ ఏదీ లేదు. ఏ దేశపు ప్రాదేశిక జలాల్లోకీ రాని సముద్రంలోకి ఎవరి ఓడైనా వెళ్లవచ్చు. ఒకరు ఏళ్లు వెచ్చించి పట్టుకున్న అక్షాంశ రేఖాంశాలు ఇంకొకరి చెవిన పడితే, ఆ రెండోవారికి వెతుకులాట ఖర్చంతా మిగిలిపోతుంది. ఈ వ్యాపారంలో పెద్ద ఖర్చూ పెద్ద జూదమూ ఆ వెతుకులాటలోనే ఉన్నాయి. లోతు నీటిలో పనిచేసే ఓడ అద్దె, ఇంధనం, సిబ్బంది జీతాలు ఏమీ దొరకని రోజున కూడా ఆగవు.

గోప్యత ఓడ బయలుదేరకముందే, పాత కాగితాల దగ్గరే మొదలవుతుంది. సరుకు జాబితాలు, బీమా పత్రాలు, బతికి బయటపడ్డవారి వాంగ్మూలాలు, జలాంతర్గాముల డైరీలు చదివి ఏ ఓడలో ఏముందో తేల్చడం ఒక ప్రత్యేక విద్య. ఏ దస్త్రం అడిగి తెప్పించుకున్నారన్నది బయటపడినా పోటీదారుకు ఆచూకీ దొరికినట్టే. కాగితాలు తప్పుదారి పట్టించడమూ ఉంది. 1944 ఆగస్టులో ఒమన్ తీరానికి దూరంగా మునిగిన అమెరికన్ ఓడ జాన్ బారీలో సౌదీ రియాళ్లతో పాటు భారీగా వెండి కడ్డీలూ ఉన్నాయన్న మాట ఏళ్ల తరబడి నలిగింది. 1994లో సుమారు 2,600 మీటర్ల లోతు నుంచి దాదాపు 13 లక్షల రియాళ్లు పైకి వచ్చాయి. కడ్డీలు మాత్రం దొరకలేదు.

గోప్యతంతా లాభం కోసమే అనడం సరికాదు. జావా సముద్రంలో రెండో ప్రపంచయుద్ధంలో మునిగిన డచ్చి, బ్రిటిష్ యుద్ధనౌకలు కొన్ని దాదాపు ఆనవాలు లేకుండా మాయమైనట్టు 2016లో బయటపడింది. పాత ఇనుము దొంగలు వాటిని ముక్కలుగా కోసుకుపోయారు. తక్కువ లోతులో ఉన్న శిథిలాలకు, ఆచూకీ చెప్పకపోవడమే ఒక్కోసారి మిగిలిన రక్షణ.

చరిత్ర

ఆధునిక లోతు వెలికితీతకు మొదటి పెద్ద ఉదాహరణ ఈజిప్టు అనే ఓడ. పి అండ్ ఓ కంపెనీకి చెందిన ఈ ప్రయాణికుల నౌక లండన్ నుంచి బొంబాయి వస్తూ, 1922 మే 20న ఫ్రాన్స్ పశ్చిమాన ఉషాంత్ దీవి దగ్గర పొగమంచులో సేన్ అనే ఫ్రెంచి సరుకు ఓడ ఢీకొని మునిగింది. అందులో 10 లక్షల పౌండ్లకు పైగా విలువైన బంగారం, వెండి ఉన్నాయి. బీమా సొమ్ము చెల్లించిన లాయిడ్స్ సంస్థ వెలికితీత హక్కును కాంట్రాక్టుకు ఇచ్చింది. కొన్ని బృందాలు విఫలమయ్యాక పని సోరిమా అనే ఇటలీ సంస్థకు దక్కింది. జొవాన్ని క్వాల్యా నడిపిన ఈ సంస్థ, ఆర్తిల్యో అనే చిన్న ఓడతో 1929, 1930లలో వెతికి, 1930 ఆగస్టులో సుమారు 130 మీటర్ల లోతున ఈజిప్టును పట్టుకుంది.

దాని పనితీరు తర్వాతి తరాలకు నమూనా అయింది. కిటికీలున్న ఉక్కు గదిలో ఒక మనిషిని కూర్చోబెట్టి తాళ్లతో దింపేవారు. అతను టెలిఫోనులో దారి చెబుతుంటే, పైనున్నవారు పేలుడు పదార్థాలనూ ఇనుప గోళ్ల గ్రాబ్‌నూ అతని మాట ప్రకారం కదిపేవారు. ఆ పని మధ్యలో ఆర్తిల్యో సిబ్బంది 1930 డిసెంబరులో ఫ్లారెన్స్ హెచ్ అనే ఆయుధాల ఓడ శిథిలాన్ని పేల్చబోగా, అందులోని మందుగుండు అంటుకుని వారి ఓడ కూడా మునిగింది. డైవర్ల నాయకుడు అల్బెర్తో జియాన్నీతో పాటు పలువురు చనిపోయారు. మరో ఓడకు అదే పేరు పెట్టి పని కొనసాగించగా, 1932 జూన్‌లో బంగారం పైకి వచ్చింది. గ్రాబ్ పట్టుకొచ్చినవాటిలో హైదరాబాదు నిజాం ప్రభుత్వం కోసం ఇంగ్లండులో అచ్చు వేయించిన కరెన్సీ నోట్లు కూడా ఉన్నాయి. సంతకాలు పడని ఆ నోట్లు కొన్ని నేటికీ సేకర్తల చేతుల్లో తిరుగుతున్నాయి.

ఈజిప్టు వెలికితీతలో దాచిపెట్టడం తక్కువ. లండన్ టైమ్స్ పత్రిక ప్రతినిధి డేవిడ్ స్కాట్ ఓడలోనే ఉండి వార్తలు పంపాడు. యుద్ధం ఆ పద్ధతిని మార్చింది. 1940లో న్యూజిలాండ్ దగ్గర మందుపాతర తగిలి మునిగిన నయాగరా నుంచి 1941లో 590 బంగారు కడ్డీల్లో 555ను ఆస్ట్రేలియా డైవర్లు తీశారు. శత్రువుకు తెలియకూడదని ఆ పనంతా రహస్యంగా నడిచింది. యుద్ధం తర్వాత సౌతాంప్టన్‌కు చెందిన రిస్డన్ బీజ్లీ సంస్థ బ్రిటిష్ ప్రభుత్వ కాంట్రాక్టులతో రాగి, తగరం వంటి సరుకులను ఏళ్ల తరబడి తీసింది. ప్రచారం జోలికి పోకుండా పని చేసుకుపోయే పద్ధతికి ఈ సంస్థ పెట్టింది పేరు. నయాగరాలో మిగిలిన కడ్డీల్లో 30ని 1953లో తీసింది కూడా అదే.

1981లో కీత్ జెస్సప్ బృందం బారెంట్స్ సముద్రంలో సుమారు 245 మీటర్ల లోతున ఉన్న ఎడిన్‌బరో అనే బ్రిటిష్ క్రూయిజర్ నుంచి 465 కడ్డీల్లో 431 తీసింది. 1942లో మునిగిన ఈ నౌక యుద్ధ సమాధి కూడా. పేలుడు పదార్థాలు వాడకుండా సాచురేషన్ డైవర్లతో కోయిస్తామన్న హామీ జెస్సప్ బృందానికి కాంట్రాక్టు దక్కడంలో తోడ్పడింది. దొరికిన బంగారంలో 45 శాతం వెలికితీసినవారికి పోగా, మిగతాది బ్రిటన్, సోవియట్ ప్రభుత్వాలు పంచుకున్నాయి.

సెంట్రల్ అమెరికా వ్యవహారం

డైవర్లు చేరలేని లోతులో గోప్యత ఎంత దూరం పోగలదో చూపిన ఉదంతం ఇది. కాలిఫోర్నియా బంగారంతో వస్తున్న సెంట్రల్ అమెరికా అనే స్టీమరు 1857 సెప్టెంబరు 12న తుపానులో చిక్కి అమెరికా తూర్పు తీరానికి దూరంగా మునిగింది. 425 మంది చనిపోయారు. ఒహైయోకు చెందిన ఇంజనీరు టామీ థాంప్సన్ 161 మంది మదుపరుల నుంచి 1.27 కోట్ల డాలర్లు సేకరించి వెతుకులాట చేపట్టాడు. పాత వాంగ్మూలాల ఆధారంగా సంభావ్యతా పటం గీయించి, 1986లో సుమారు 1,400 చదరపు మైళ్ల సముద్రాన్ని సోనార్‌తో గాలించాడు.

1987లో ఈ బృందం ఒక శిథిలం మీద హక్కు కోరింది. అమెరికా నౌకా న్యాయస్థానంలో హక్కు కోరాలంటే ఆ ఓడ నుంచి ఏదో ఒక వస్తువును కోర్టు ముందుంచాలి. వారు పైకి తీసింది ఒక బొగ్గు ముక్క. దాన్ని విమానంలో వర్జీనియాలోని నార్‌ఫోక్ కోర్టుకు చేర్చి, పోటీ బృందాలు ఆ ప్రాంతంలోకి రాకుండా ఉత్తర్వు పొందారు. అసలు సెంట్రల్ అమెరికా అది కాదు. అది మరుసటి ఏడు, 1988లో, సుమారు 2,200 మీటర్ల లోతున వేరే చోట దొరికింది. మనిషి స్వయంగా దిగకపోయినా, కెమెరాతో చూస్తూ యంత్రంతో అక్కడ పని చేయగలగడమే స్వాధీనంలో ఉన్నట్టు అని 1989లో కోర్టు అంగీకరించింది. లోతు సముద్రపు వ్యాపారానికి పునాది వేసిన తీర్పు అది.

తర్వాత పోటీ మరో రూపంలో వచ్చింది. 19వ శతాబ్దంలో బీమా సొమ్ము చెల్లించామంటూ బీమా కంపెనీలు కోర్టుకెక్కాయి. కింది కోర్టు వారి హక్కు పోయిందన్నది. 1992లో అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగదోడింది. చివరికి బీమాదారులు నిలబెట్టుకున్న భాగంలోనూ 90 శాతం వెలికితీసినవారికే దక్కింది. అయినా మదుపరులకు డబ్బు చేరలేదు. వారిలో కొందరు 2005లో దావా వేశారు. 2012లో థాంప్సన్ కోర్టుకు రాకుండా మాయమై, 2015 జనవరిలో ఫ్లోరిడాలో పట్టుబడ్డాడు. 500 బంగారు నాణేలు ఎక్కడున్నాయో చెప్పనందుకు కోర్టు ధిక్కారం కింద తొమ్మిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. ఇక నిర్బంధం వల్ల జవాబు వస్తుందన్న ఆశ లేదని 2025 జనవరిలో న్యాయమూర్తి ఆ ధిక్కార నిర్బంధాన్ని ముగించారు. పోటీదారుల నుంచి చోటును కాపాడటానికి అలవరచుకున్న మౌనం, సొంత మదుపరులకు లెక్క చెప్పని మౌనంగా మారింది.

భారత మార్గపు వెండి

రెండో ప్రపంచయుద్ధంలో భారతదేశం నుంచి బయలుదేరి మునిగిన వెండి ఓడలు ఈ రంగానికి ప్రధానమైన లక్ష్యాలు. యుద్ధకాలపు బీమా బ్రిటిష్ ప్రభుత్వానిదే కాబట్టి, నష్టపరిహారం చెల్లించిన సరుకుకు ప్రభుత్వమే యజమాని అయింది. వాటిని వెతికే కాంట్రాక్టులను అదే ఇస్తుంది. దొరికితేనే వాటా, దొరకకపోతే ఖర్చు సంస్థదే అన్నది సాధారణ షరతు.

గేర్సొప్ప ఓడకు కర్ణాటకలోని జలపాతం పేరు పెట్టారు. కలకత్తా నుంచి వెండి, తేయాకు, దుక్క ఇనుముతో బయలుదేరి, 1941 ఫిబ్రవరిలో ఐర్లండుకు నైరుతిగా జర్మన్ జలాంతర్గామి టార్పెడోకు గురైంది. సెకండ్ ఆఫీసర్ ఒక్కరే బతికి బయటపడ్డారు. చనిపోయినవారిలో అత్యధికులు భారతీయ లస్కర్లు. బ్రిటిష్ ప్రభుత్వంతో 80 శాతం వాటా ఒప్పందం చేసుకున్న అమెరికా సంస్థ ఒడిస్సీ మెరైన్ ఎక్స్‌ప్లొరేషన్ 2011లో దీన్ని సుమారు 4,700 మీటర్ల లోతున కనిపెట్టింది. 2012, 2013లలో కలిపి దాదాపు 110 టన్నుల వెండి తీసింది.

సిటీ ఆఫ్ కైరో 1942లో బొంబాయి నుంచి 2,000 పెట్టెల వెండి రూపాయలతో ఇంగ్లండు బయలుదేరింది. నవంబరు 6న సెయింట్ హెలీనా దీవికి దక్షిణాన జలాంతర్గామి దాన్ని ముంచింది. డీప్ ఓషన్ సెర్చ్ అనే సంస్థ 2011లో ఆ చోటు పట్టింది. 5,150 మీటర్ల లోతున ఓడ రెండుగా విరిగి బురదలో కూరుకుపోయి ఉంది. పని 2013 సెప్టెంబరులో ముగిసినా, లోకానికి తెలిసింది 2015 ఏప్రిల్‌లో. అప్పటికే నాణేలు బ్రిటన్‌లో కరిగి అమ్ముడైపోయాయి. ఎంతకు అమ్మారో, ఎవరి వాటా ఎంతో ప్రకటించలేదు. ఇంత లోతు నుంచి ఇంత సరుకు తీయడం సాంకేతికంగా అసాధారణమైన పని. నాణేలను పరిశీలించే అవకాశం మాత్రం చరిత్రకారులకు దక్కకుండా పోయింది.

తిలావా 1942 నవంబరులో బొంబాయి నుంచి ఆఫ్రికాకు వెళ్తూ భారత మహాసముద్రంలో జపాన్ జలాంతర్గామి దాడికి మునిగింది. 280 మంది చనిపోయారు. అందులో ఉన్న 2,364 వెండి కడ్డీలు దక్షిణాఫ్రికా నాణేల ముద్రణకు కొన్నవి. ఆర్జెంటమ్ ఎక్స్‌ప్లొరేషన్ అనే సంస్థ 2017లో వాటిని 2,500 మీటర్ల లోతు నుంచి నిశ్శబ్దంగా తీసి సౌతాంప్టన్ చేర్చింది. దక్షిణాఫ్రికా ఆ వెండి తనదేనన్నది. హైకోర్టు, అప్పీలు కోర్టు సంస్థ వైపు మొగ్గినా, 2024 మేలో బ్రిటన్ సుప్రీంకోర్టు దక్షిణాఫ్రికాకు సార్వభౌమ రాజ్యాలకుండే దావా మినహాయింపు వర్తిస్తుందని తీర్పు చెప్పింది. ఆలోగా ఇరుపక్షాలు రాజీకి వచ్చాయి.

వెతుకులాట, దాపరికం: పనితీరు

మొదట సోనార్ పరికరాన్ని కేబుల్‌తో లాగుతూ, నాగలి చాళ్ల మాదిరి వరుస వెంట వరుసగా సముద్రపు అడుగును గాలిస్తారు. నేడు ఈ పని చాలాచోట్ల స్వయంచాలిత జలాంతర వాహనాలు చేస్తాయి. అనుమానం కలిగిన ఆకారం దగ్గరకు కెమెరాలు, యాంత్రిక చేతులున్న రిమోట్ వాహనాన్ని దింపి పోల్చుకుంటారు (చూ. సోనార్, రిమోట్ జలాంతర వాహనం).

పైనుంచి చూసే పోటీదారుకు ఇందులో ముఖ్యమైన ఆనవాలు ఓడ కదలిక. ఒకే చోట రోజుల తరబడి నిలిచిన ఓడ అక్కడ ఏదో దొరికిందని చెప్పకనే చెబుతుంది. అందుకే కొన్ని బృందాలు శిథిలం లేని చోట కూడా ఆగి పని చేస్తున్నట్టు నటిస్తాయి. ఓడ స్థానాన్ని ప్రసారం చేసే ఏఐఎస్ పరికరాన్ని కొందరు ఆపేస్తారు. భద్రత కోసం కెప్టెన్‌కు నియమాలు ఇచ్చిన వెసులుబాటును ఇలా వ్యాపారానికి వాడుకోవడం వివాదాస్పదం. సిబ్బందితో గోప్యతా ఒప్పందాలు, శిథిలానికి మారుపేరు, అక్షాంశ రేఖాంశాలను కోర్టులో సీలు కవరులో ఇవ్వడం మామూలే.

2017లో ఐస్‌లండ్ తీర రక్షక దళం సీబెడ్ కన్‌స్ట్రక్టర్ అనే ఓడను ఆపి రేవుకు తెచ్చినప్పుడు ఈ పద్ధతి మరోసారి వార్తలకెక్కింది. అది 1939లో మునిగిన మిండెన్ అనే జర్మన్ సరుకు ఓడ మీద పనిలో ఉన్నట్టు అప్పుడు తెలిసింది.

రాజ్యాలతో పోటీ

2007 మేలో ఒడిస్సీ సంస్థ అట్లాంటిక్‌లో ఒక శిథిలం నుంచి 17 టన్నుల నాణేలు తీసినట్టు ప్రకటించింది. ఓడ పేరు చెప్పలేదు, చోటు చెప్పలేదు. దానికి నల్ల హంస అని మారుపేరు పెట్టింది. దాదాపు 5,94,000 నాణేలు అప్పటికే జిబ్రాల్టర్ నుంచి విమానంలో ఫ్లోరిడా చేరాయి. 1804 అక్టోబరు 5న పోర్చుగల్ తీరం దగ్గర బ్రిటిష్ నౌకలతో పోరులో పేలిపోయిన తమ యుద్ధనౌక మెర్సెదెస్‌దే ఆ సంపద అని స్పెయిన్ దావా వేసింది. తమ జలాల దాపున ఒడిస్సీ ఓడలను ఆపి సోదా చేసింది. నాణేలు పెరూ గడ్డ మీద ముద్రించినవంటూ పెరూ కూడా దావాలో చేరింది. కోర్టులు మెర్సెదెస్‌ను స్పెయిన్ రాజ్య నౌకగా గుర్తించాయి. 2012 ఫిబ్రవరిలో స్పెయిన్ సైనిక విమానాలు రెండు వచ్చి నాణేలను తీసుకెళ్లాయి. కొన్నేళ్లకు స్పెయిన్ న్యాయ ఖర్చుల కింద దాదాపు 10 లక్షల డాలర్లు చెల్లించాలని కోర్టు ఒడిస్సీని ఆదేశించింది. ఓడ గుర్తింపు విషయంలో ఆ సంస్థ నడిచిన తీరే అందుకు కారణం.

కొలంబియాలో రాజ్యమే రహస్యకర్త. 1708 జూన్ 8న కార్తహేనా దగ్గర మునిగిన సాన్ హోసే గ్యాలియన్ చోటు 1980లలోనే కనిపెట్టామని సీ సెర్చ్ ఆర్మడా అనే సంస్థ వాదిస్తోంది. 2015లో కొలంబియా ప్రభుత్వం తానే కనిపెట్టానని ప్రకటించి, ఆ చోటును రాజ్య రహస్యం చేసింది. వెతికింది వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన వాహనమన్న సంగతి 2018లో గానీ బయటకు రాలేదు. రెండు చోట్లూ ఒకటేనా అన్నదే తగాదాకు కీలకం. అక్షాంశ రేఖాంశాలు దాచినంతకాలం మూడోవారు దాన్ని తేల్చలేరు. సంస్థ అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది. స్పెయిన్‌తో పాటు, ఆ వెండి తమ పూర్వీకులు తవ్వినదని చెప్పే బొలీవియా కారా కారా తెగ కూడా హక్కు కోరుతోంది.

చట్టం, వారసత్వం

సాల్వేజ్ చట్టం ప్రకారం సరుకు పాత యజమానిదే, తీసినవారికి ప్రతిఫలం దక్కుతుంది. యజమాని వదులుకున్నట్టు రుజువైతే దొరికినవారిదే ఆస్తి అన్న సూత్రం పనిచేస్తుంది. రాజ్యాల యుద్ధనౌకలకు ఇవి వర్తించవు. ఎన్నేళ్లు గడిచినా వాటి మీద రాజ్యపు హక్కు పోదన్నది చాలా దేశాల వాదన. 2001లో యునెస్కో ఆమోదించిన జలాంతర సాంస్కృతిక వారసత్వ ఒప్పందం 2009 జనవరి 2న అమలులోకి వచ్చింది. నూరేళ్లు దాటిన శిథిలాలను వ్యాపారానికి వాడటాన్ని ఇది నిషేధిస్తుంది. బ్రిటన్, అమెరికా ఇందులో చేరలేదు.

రహస్య వెలికితీతపై పురావస్తు శాస్త్రజ్ఞుల ప్రధాన అభ్యంతరం, ఏ వస్తువు ఎక్కడ ఎలా ఉందన్న సమాచారం పోతుందని. తీసినవన్నీ పాడవుతాయని మాత్రం కాదు. గేర్సొప్పలో వెలుతురు, ఆక్సిజన్ తగలని మూలన దొరికిన వందలాది ఉత్తరాల కాగితం చదవగలిగేంత బాగా నిలిచింది. భారత్ నుంచి 1940 చివర్లో పంపిన ఆ ఉత్తరాలు చేరాల్సిన వారికి చేరలేదు. వాటిని లండన్‌లోని తపాలా మ్యూజియం ప్రదర్శనకు పెట్టింది. వెండి ఒప్పందంలో ఉత్తరాలకు ధర లేదు. వాటిని కాపాడటం సంస్థ ఆ రోజు తీసుకున్న మంచి నిర్ణయం. అలాంటి నిర్ణయాలు సంస్థల ఇష్టానికి వదిలేయడం సరికాదన్నదే వారసత్వ పక్షం వాదన.

బ్రిటన్‌లో యుద్ధ సమాధులను కాపాడే 1986 నాటి చట్టం పరిధిలోకి వ్యాపార ఓడలు సాధారణంగా రావు. లస్కర్లు చనిపోయిన ఓడలు ఎక్కువగా ఆ కోవలోవే. నూరేళ్ల లెక్క ప్రకారం గేర్సొప్ప 2041 ఫిబ్రవరిలో, సిటీ ఆఫ్ కైరో, తిలావా 2042 నవంబరులో యునెస్కో ఒప్పందం వయఃపరిమితికి చేరతాయి.